పెలికన్ సరస్సుకు వరద తెచ్చిన గ్రాఫ్

"ఇక మీదట అమెరికాలో ఏ అధికారీ అంకెలు చదవనక్కర్లేదు!"

1982 వసంతంలో శాన్ డియాగోలో మా డాక్టర్ లైల్ హాస్కెట్ గారు చేసిన ప్రకటన ఇది. పళ్ల డాక్టరు క్లినిక్ మేడ మీద మా ఆఫీసు. వచ్చిన విలేకరులు ఇద్దరు. అందులో ఒకాయన నిజానికి పన్ను పీకించుకోవడానికొచ్చి, నొప్పిలో ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేశాడు. అయినా ప్రకటన ప్రకటనే.

మా కర్వోడైన్ కంపెనీ చరిత్ర సువర్ణాక్షరాలతో రాయదగ్గది. హాస్కెట్ గారు మొదట్లో ఒక ప్రయోగశాలలో సముద్రపు అలల బొమ్మలు గీసేవారు. నాలుగు చుక్కలు ఇస్తే చాలు, ఆయన రాసిన ప్రోగ్రాం మిగతా అల మొత్తం గీసి చూపించేది. తర్వాత సముద్రానికి ప్రభుత్వం నిధులు ఆపేసింది. సముద్రం కంటే ఆఫీసుల దగ్గర డబ్బెక్కువుంటుందని ఆయనకి తట్టింది. ప్రోగ్రాంలో 'అల' అన్న చోటల్లా 'వ్యాపారం' అని మార్చారు. లోపల మాత్రం ఉన్నది సముద్రమే. దానికి తెలిసిందొకటే: కిందికి దిగింది పైకి లేస్తుంది. చెప్పుల అమ్మకాలిచ్చినా, ఆసుపత్రి మంచాల లెక్కిచ్చినా చివరికి పైకే లేపేది. పడినది లేస్తుందంటే సంతోషించని అధికారి భూమ్మీద ఉంటాడా? కంపెనీ మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది.

అందులో నా ఉద్యోగం, గ్రాఫ్ గీసే యంత్రానికి రంగుపెన్నులు మార్చడం, అది గీస్తున్నంతసేపూ పక్కన నిలబడి "ఆహా" అనడం. రెండోదే కష్టం.

మా ప్రకటన చదివి పరిగెత్తుకొచ్చిన మొదటి మహానుభావుడు ఓరిన్ ప్లంకెట్ గారు. కౌంటీకి నీళ్ల కమిషనర్. నవంబర్లో ఎన్నికలు. ఆయన ఏలుబడిలో ఉన్న పెలికన్ సరస్సు నెలనెలా అడుగంటుతోంది. సరస్సు మధ్యలో కొలతస్తంభం ఉంది. నీళ్లు దాని మీది ఎర్రగీత కిందికి దిగితే, కొండ మీది గోల్ఫ్ క్లబ్బు పంపులకి నీళ్లెళ్లే గేటు మూసేయాలని రూలు. క్లబ్బు పెద్దలంతా కమిషనర్ గారి ఎన్నికలకి చేయూతనిచ్చిన పుణ్యాత్ములు. అలాంటివాళ్ల గడ్డి ఎండనిస్తే కళ్లు పోవూ?

ఆయన తెచ్చిన అంకెలన్నీ దిగేవే. యంత్రం నీలం పెన్ను పట్టుకుని జనవరి నుంచి దిగింది, దిగింది, ఎర్రగీత అంచు దాకా దిగింది. ఏప్రిల్‌తో అంకెలు అయిపోయాయి. యంత్రం మాత్రం ఆగలేదు. సొగసుగా వంపు తిరిగి పైకెక్కడం మొదలెట్టింది.

"ఆహా," అన్నాను.

"ఇదేమిటయ్యా, ఈ ఎక్కేది?" అన్నారు కమిషనర్ గారు.

"రాబోయే నెలలు సార్."

"ఎవరు కొలిచారు?"

"ఇంకా రాలేదు కదా సార్, కొలవడానికి."

"నెలలు రాకముందే నీళ్లొచ్చేశాయా!" ఆయన కళ్లు చెమర్చాయి. "నా ముందున్నాయన పదేళ్లు తంటాలుపడి చుక్క తేలేకపోయాడు. నేను ఒక్క కాఫీ తాగేలోపల తెచ్చాను!"

హాస్కెట్ గారు గొంతు సవరించుకున్నారు. "ఒక్కటే జాగ్రత్త సార్. మధ్యలో కొత్త అంకెలు కలిపితే వంపు అందం చెడుతుంది."

"కలపను. ఎవర్నీ కలపనివ్వను."

ఆ సాయంత్రమే స్తంభం కొలిచే ఉద్యోగిని లైబ్రరీకి బదిలీ చేశారు. పరిపాలనంటే అదీ.

తర్వాతి వారం కౌంటీ హాల్లో బహిరంగ సభ. గేటు మూయాలా వద్దా అన్నది అక్కడే తేలాలి. నిలువెత్తు తెర మీద మా గ్రాఫ్ వేశాం. జనం నోళ్లు తెరిచారు. అప్పుడు లేచింది వెర్నా టిబెట్స్. సరస్సు ఒడ్డున పడవలు అద్దెకిస్తూ, చేపల శాండ్‌విచ్‌లు అమ్ముకునే ముసలావిడ. మోకాళ్ల దాకా బురద బూట్లతోనే వచ్చింది.

"ఏమయ్యా ఓరిన్! నిక్కర్లేసుకునే రోజుల్లో నీకు తెడ్డు పట్టడం నేర్పింది నేను. ఒక్కసారి వచ్చి చూడు. నా పడవలన్నీ బురదలో బోర్లా పడున్నాయి. ఆ గేటు మూయించు నాయనా. చెరువు పోతే నా బతుకు పోయినట్టే. ఈ వయసులో ఇంకో పని నాకు చేతకాదు."

"వెర్నా గారూ, మీ మీద నాకెంతో గౌరవం. కానీ మీరు నీళ్లు కొలిచారా?"

"కొలవడమేమిటి నా మొహం! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడుచుకుంటూ వచ్చాను!"

"అది మీ సొంత అనుభవం. ఇది కంప్యూటర్."

"ఈ బూట్లు చూడవయ్యా! ఇది బురద కాదూ?"

"చూశాను. ఒకటే రంగు. మా గ్రాఫ్‌లో నాలుగున్నాయి."

చప్పట్లు మిన్నంటాయి. గేటు మూయనక్కర్లేదని తీర్మానం నెగ్గింది. వెర్నా కూర్చున్న కుర్చీ కింద బురద ముద్దలు ముద్దలుగా రాలింది. నాకు నిజంగా బాధేసింది. పెన్నులకి మూతలు పెట్టకపోతే ఎండిపోతాయి కాబట్టి ఎక్కువసేపు బాధపడలేకపోయాను.

జూన్‌లో గ్రాఫ్ ప్రకారం సరస్సు నిండింది. కమిషనర్ గారు పడవల పండగ ప్రకటించారు. బ్యాండు మేళం, హాట్‌డాగులు, జెండాలు. పడవలో నిలబడి ఆయన చెయ్యి ఊపుతుంటే పన్నెండుమంది కార్యకర్తలు ఎండిన బురద మీద దాన్ని తోశారు. దుమ్ముకి అందరూ దగ్గుతుంటే, "నీటి తుంపరలు, నీటి తుంపరలు," అని మైకులో చెప్పించారు. నేను కూడా దగ్గుతూనే "ఆహా" అన్నాను.

చిక్కల్లా జులైతో వచ్చింది. అల కదా, నిండాక ఆగడం దానికి తెలీదు. నీలం గీత ఆనకట్ట గీతని దాటి, కాగితం అంచు మీదుగా బల్ల మీదికి పోయింది. ఆ కాగితం పట్టుకుని నేనే కమిషనర్ గారి దగ్గరికెళ్లాను.

"సార్, సరస్సు పొంగిపొర్లుతోంది."

"ఎక్కడ?"

"మా బల్ల మీద సార్."

ఆయన తల పట్టుకున్నారు. "దీన్ని ఆపలేరా?"

"సముద్రంలో ఇంతవరకూ ఎవరూ ఆపలేదు సార్. పోనీ, గ్రాఫ్ తప్పని చెప్పేస్తే?"

"పిచ్చివాడా! ఇప్పుడు తప్పంటే అప్పుడూ తప్పే అవుతుంది. వరదొస్తే ఓట్లు పోవు. తప్పు ఒప్పుకుంటే పోతాయి." ఒక్క క్షణం ఆలోచించి వెన్ను నిటారుగా చేశారు. "వరద ప్రకటించు!"

ప్రకటించాం. ఎక్కువైన నీళ్లు బయటికి పోవాలి గనక గోల్ఫ్ క్లబ్బు గేటు పూర్తిగా ఎత్తేశారు. మర్నాడు పొద్దున్నే పోలీసులిద్దరు లైఫ్‌జాకెట్లు తొడుక్కుని, సరస్సుకి అడ్డంగా జీపు నడుపుకుంటూ వెర్నా కొట్టు దగ్గరికొచ్చారు. వెనక నేను, కమిషనర్ గారు, ఫొటోగ్రాఫరు.

"అమ్మా, వరదొచ్చింది. పడవెక్కండి."

"ఎక్కడయ్యా వరద?"

"మీ నడుం దాకా వచ్చేసిందమ్మా. వాదించే టైం లేదు."

వెర్నా తన నడుం వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. నేను ఫొటోగ్రాఫరు వైపు చూశాను. కొట్టుకి తాళం వేసి సీలు కొట్టారు. పడవని బండి మీదికెత్తి, ఆవిణ్ని అందులో కూర్చోబెట్టి, బండిని జీపుకి తగిలించారు. ఫొటోగ్రాఫరు అడగ్గానే ఎవరో తెడ్డు కూడా ఆవిడ చేతికిచ్చారు.

"నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఎత్తైన చోటికి," అన్నారు కమిషనర్ గారు, హ్యాట్ తీసి గుండెల మీద పెట్టుకుని.

ఈ చుట్టుపక్కల ఎత్తైన చోటంటే గోల్ఫ్ క్లబ్బే. పచ్చటి గడ్డి మీద పైపులు జల్లుమని చిమ్ముతున్నాయి. మధ్యలో కొత్తగా తవ్విన కొలను అంచుల దాకా నిండి మెరుస్తోంది. జీపు వాలులో మలుపు తిరిగేసరికి తాడు తెగింది. పడవ వెర్నాతో సహా జారి, గడ్డి మీద దొర్లి, కొలనులో పడి, తేలింది.

"తేలుతోంది!" కమిషనర్ గారు గంతులేశారు. "నీళ్లు లేవన్నవాళ్లెవరయ్యా? తీయ్ ఫొటో!"

వెర్నా నీళ్లలో చెయ్యి పెట్టింది. పడవ పక్కన సరస్సు చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. ఆవిడ వాటిని చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, తెడ్డు అందుకుంది.

తెల్లబూట్ల కాపలావాడు పరిగెత్తుకొచ్చి ఒడ్డున నిలబడ్డాడు.

"మేడమ్, మెంబరు కార్డుందా?"