కెమెరోద్ధరణము

నేను చెప్పిన కథలలో కప్పలు ఏనుగులను మింగిన మాట వాస్తవమే గాని, ఈ గాథలో మాత్రం నువ్వుగింజంత అతిశయోక్తి లేదు. ఆలకింపుడు.

మధ్యాహ్నమార్తాండుడు పెళ్లిహాలు ఏసీలకే ముచ్చెమటలు పోయించుచున్న వేళ, కుసుమమాలికాలంకృతమైన పొడవాటి నడవ మొదట, అనేకవివాహసమరవిజేతయు, అస్ఖలితపాదుడును, అచంచలచిత్రసంధాయకుడును అగు కెమెరామన్, కెమెరాను ఊగనీయని కవచమును తొడిగెను. ఆ కవచము స్నేహితుని వద్ద ఎరువు తెచ్చినది, గజభారవహనక్షమము. దానికి తగిలించిన స్ప్రింగుల చెయ్యి మాత్రం వేరొక కంపెనీది, తన సొంతం, చిన్న కెమెరాలకే అలవాటుపడిన పాతది. కవచం మోయునంత చెయ్యీ మోయునని నమ్మిన మన వీరుడు పెద్ద లెన్సును, దీపమును, బొమ్మ చూచుకొను తెరను, మైకును, జంట బ్యాటరీలను కెమెరాపై అధిరోహింపజేసెను.

తోడనే ఆ చెయ్యి మూలుగుచు, వంగుచు, కెమెరాను మోకాళ్ల మట్టమునకు దించెను.

"ఏరా, పెళ్లికూతురి చెప్పులు తీస్తున్నావా?" అన్నాడు లైటు పట్టుకున్న బావ.

"స్ప్రింగు బిగించు బావా."

"బిగించా. ఇంక తిరగట్లేదు. ఎంత బరువు మోస్తుందో కవచం మీద చూశావు సరే, చెయ్యి మీద చూశావా?"

"దాని మీద రాసింది ఎప్పుడో చెరిగిపోయింది."

"అయితే దాని మాటే విను. పడుకుంటానంటోంది."

అటు తలుపు వెనుక పెళ్లికూతురి నాయనమ్మ సిద్ధముగా నుండెను. నెలల తరబడి మంచానపడి లేచిన ఆమె, మనవరాలిని తానే నడిపించుకొని వత్తునని పంతము పట్టినది. ఒక్కసారి నడుచును, మరల నడువుమని అడుగుటకు ఎవనికి నోరు వచ్చును?

అంతట సంహారకాండ ఆరంభమయ్యెను. దీపము కూలెను, మైకు రాలెను, కెమెరా తొడలకు లేచెను. తెరయు, ఒక బ్యాటరీయు నేలకొరిగెను; మరికొంత లేచెను. మిగిలినది ప్రాణసమానమగు పెద్ద లెన్సు.

"బావా, ఇది తీసేస్తే నా పరువేం కావాలి?"

"దాన్నీ తీసి పక్కన పెట్టు. కాస్త తేలికవుతుంది."

వీరుడు కన్నులు మూసి లెన్సు మార్చెను. కెమెరా నడుము దాటి నాలుగు వేళ్లు పైకి లేచెను.

అయినను కష్టము తీరలేదు. చేతి కంపెనీ పిన్ను సన్నము, కవచపు కంపెనీ రంధ్రము వెడల్పు. టేపు చుట్టి ఇరికించిన ఆ కీలు కుడివైపు వాలుచుండ, మన మహారథి ఎడమవైపు నెలవంకవలె వంగి, వెనుకకు అడుగులు వేయసాగెను.

తలుపులు తెరుచుకొనెను. కర్ర ఒక చేత, మనవరాలి చెయ్యి ఒక చేత పట్టి నాయనమ్మ నడిచెను. సగము దారిలో ఆగి, ఎదుట వంకరగా వెనుకకు పోవుచున్న వీరుని పరిశీలించెను.

"ఏం నాయనా, నడుం పట్టేసిందా? నా కర్ర ఇవ్వనా?"

మనవరాలు ఫక్కున నవ్వెను. ఆ నవ్వును, ఆ ముడుతల ముఖమును, తొణకక బెణకక, చట్రము నడిమధ్య నిలిచెను. నడవ చివరిదాక చెయ్యి వంగలేదు, బొమ్మ ఊగలేదు. ముల్లోకములారా, మన వీరుడు గెలిచెను.

నాయనమ్మ మాట నిజం. నవ్వూ నిజం. కెమెరా నాలుగు వేళ్లు పైకి లేచెనంటినే, అదొక్కటి నా కల్పన. లేచినది రెండు వేళ్లే.