హార్లన్ నడుము మీద గడ్డ

ఆదివారం పొద్దున్నే హార్లన్ టాకెట్ అద్దం ముందు నిలబడి కుడికి తిరిగాడు, ఎడమకి తిరిగాడు, వంగాడు, లేచాడు. ప్యాంటు లోపల, కుడి నడుము దగ్గర, కొత్త పిస్తోలు ఉంది. అల్లాటప్పాది కాదు, పోలీసులు పెట్టుకునేంత పెద్దది. చిన్నవి అతని చేతిలో సబ్బుబిళ్ళల్లా జారిపోతాయి, పేలిస్తే మణికట్టు అదిరిపోతుంది. ఇదైతే అరచేతి నిండా అమరింది. దీని కోసం ఒక సైజు పెద్ద ప్యాంటు, బరువుకి వంగని మందపాటి బెల్టు, వదులుగా ఉండే గళ్ళ చొక్కా కూడా కొన్నాడు. అమెరికాలో, చొక్కా కింద పిస్తోలు దాచుకు తిరగడం మామూలైన ఆ టెన్నెసీ కొండల ఊళ్ళో ఆ పూట అంత ఆనందంగా ఉన్న మగాడు ఇంకొకడు లేడు.

"ఏమైనా కనబడుతోందా?" భార్యని అడిగాడు.

"చొక్కా కింద ఇస్త్రీపెట్టె దాచినట్టుందయ్యా," అంది వెర్నా. "నా పిస్తోలులాంటి చిన్నది కొనుక్కోమంటే విన్నావా?"

"ఎవరూ కనిపెట్టలేరు. పందెం!"

"సరే. ఇవాళ చర్చిలో ఒక్కరు కనిపెట్టినా అది షాపుకి తిరిగి పోవాలి."

"కనిపెట్టకపోతే నువ్వు ఇక జన్మలో దాని మాట ఎత్తకూడదు!"

చర్చి గుమ్మంలోనే ఓపల్ పిన్ని దొరికింది. వచ్చినవాళ్ళందర్నీ గట్టిగా కావలించుకుంటే గానీ లోపలికి పోనివ్వని పెద్దావిడ. ఆవిడ చెయ్యి హార్లన్ నడుము మీదికి వచ్చి ఠక్కున ఆగింది.

"ఇదేంటి నాయనా, రాయిలా ఉంది?"

"ఏం లేదు పిన్నీ... చిన్న గడ్డ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"శుక్రవారం నుంచి."

"శుక్రవారం నుంచే ఇంతైందా! ప్రభువా!"

బల్ల మీద కూర్చుంటే పిస్తోలు పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంది. హార్లన్ ఒక పక్కకి ఒరిగి, పళ్ళు బిగించి కూర్చున్నాడు. అది అందరూ చూశారు. మొదటి పాట అయ్యేసరికి జనం గుసగుసల్లో గడ్డ మూత్రపిండాల దాకా పాకింది. రెండో పాట అయ్యేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. ముందు వరుసలోంచి డ్యూయీ వెనక్కి తిరిగి హార్లన్ చెయ్యి పట్టుకున్నాడు. అతను భార్య పోయిన మనిషి, ఇప్పుడిప్పుడే మళ్ళీ తల దువ్వుకుంటున్నాడు.

"ధైర్యంగా ఉండు హార్లన్. వెర్నా గురించి బెంగపెట్టుకోకు. వాళ్ళింటి ముందు గడ్డి నేను కోసిపెడతా."

"వాళ్ళిల్లేంటయ్యా, అది నా ఇల్లు!"

"ప్రస్తుతానికి నీదే," అన్నాడు డ్యూయీ జాలిగా.

వెర్నా చేతిరుమాల్లో మొహం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆవిడ నవ్వు ఆపుకోలేక చస్తుంటే, ఏడుస్తోందనుకుని ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకున్నారు. పాస్టర్‌గారు ప్రసంగం ఆపేశారు.

"బ్రదర్ హార్లన్, ముందుకి రండి. గడ్డ మీద చేతులుంచి ప్రార్థన చేద్దాం."

హార్లన్ నడుముకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాస్టర్‌గారు వేటగాడు. చెయ్యి తగిలితే చాలు, పిస్తోలు ఏ కంపెనీదో కూడా చెప్పేస్తారు.

"ఒక్క నిమిషం పాస్టర్‌గారూ, బాత్‌రూమ్..." అంటూ కుంటుకుంటూ వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. తన ట్రక్కులో సీటు కింది పెట్టెలో పిస్తోలు పెట్టి, తాళం వేసి, తిరిగి పరుగెత్తుకొచ్చాడు.

పాస్టర్‌గారు నడుము మీద చెయ్యి ఉంచారు. కళ్ళు తెరిచారు. ఇంకాస్త పైన నొక్కారు, కింద నొక్కారు.

"ఎక్కడన్నారు సిస్టర్ ఓపల్?"

ఓపల్ పిన్ని స్వయంగా వచ్చి రెండు పక్కలా తడిమింది. "లేదు! పోయింది! ప్రభువు తీసేశాడు!"

చర్చి దద్దరిల్లింది. పియానో దానంతటదే మోగినంత హడావుడి. డ్యూయీ ఒక్కడే మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఎవరూ కనిపెట్టలేదన్న ఆనందం పట్టలేక హార్లన్ రెండు చేతులూ పైకెత్తి "గెలిచాను!" అని అరిచాడు.

"హల్లెలూయా!" అంది సంఘమంతా.

ఇంటికి వెళ్ళే దారిలో వెర్నా కళ్ళు తుడుచుకుంది. "గెలిచావయ్యా, ఒప్పుకున్నా. వచ్చే ఆదివారం కూడా పెట్టుకు రా."

"మరేమనుకున్నావ్!"

"కాకపోతే ఇక ఊళ్ళో కనబడ్డ ప్రతివాడూ నీ నడుము తడిమి చూస్తాడు. గడ్డ మళ్ళీ లేచిందంటే దేవుడి పరువేం కావాలి?"

"రేపు షాపు ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడు హార్లన్.

సోమవారం షాపులో, జేబులో పట్టే చిన్న పిస్తోలు కాగితంలో చుడుతూ షాపతను అడిగాడు. "మొన్నేగా ముచ్చటపడి అంత పెద్దది పట్టుకెళ్ళావు! దానికేమైంది?"

"నయమైపోయింది," అన్నాడు హార్లన్.