ఉప్పు తినని కుళ్లాయప్ప

ఆ రోజు పొద్దున కుళ్లాయప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. డబ్బాలోని పొడి నీళ్లలో కలిపి తాగాలి. ఊరి చివరి కళ్లాల దాకా నడిచి రావాలి. మధ్యాహ్నం నారాయణస్వామి ఇంటి విందుకు పోయి, ఎవరికీ అనుమానం రాకుండా ఏమీ తినకుండా లేచి రావాలి. మొదటి రెండూ అతని చేతిలోని పనులే. మూడోది మాత్రం పెద్దముడియం చుట్టుపక్కల పుట్టిన ఏ మనిషి చేతిలోనూ లేదు.

పొడి కలుపుతుంటే భార్య సంజీవమ్మ గ్లాసు అందుకుని వాసన చూసింది.

"ఇది కారం లేని పప్పులపొడి గదా" అంది.

"కడుపులో వేడికి మందు" అన్నాడు కుళ్లాయప్ప. అంతకుమించి చెప్పడానికి లేదు. ఎవరికీ చెప్పనని డబ్బా మీద చేయి వేసి మాటిచ్చి వచ్చాడు.

అతని పూర్వులు గొర్రెలు కాచినవారు. అతనికి గొర్రెలతోపాటు నాలుగు చెక్కల భూమి కూడా ఉంది. జమ్మలమడుగు సంతలో పొట్టేలును రెండు చేతులా ఎత్తి తూకం చెబితే కాటా కూడా అదే చెప్పేది. వయసులో ఉండగా తిరునాళ్లలో గుండు ఎత్తిన మనిషి. ఆ గుండు ఇప్పుడు పొట్టలోకి వచ్చి కూర్చుందని తోటివారు అనేవారు. అంటే అననీ అని ఊరుకున్నాడు. కానీ పులివెందులలో పార్టీ మీటింగు అయిపోయాక అతను జీపు ఎక్కలేకపోవడం, ముగ్గురు కిందినుంచి తోయడం, అది చూసి నారాయణస్వామి "ఆ పక్క ఇంకో టైరు బిగించండప్పా" అనడం, అందరూ నవ్వడం జరిగాక ఊరుకోలేకపోయాడు.

ఆ వారమే ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధి వెనక, 'సన్నజాజి స్లిమ్మింగ్ సెంటర్' బోర్డు కనబడింది. బోర్డు మీద రెండు బొమ్మలు. ఒకదాంట్లో లావుపాటి మనిషి, పక్కదాంట్లో అతనే సన్నబడి నవ్వుతున్నాడు. ఆ రెండు బొమ్మల్లోని మనిషి ఒకడు కాడని చెవులు చూస్తే తెలిసిపోతుంది. కానీ పొట్ట గురించి దిగులున్నవాడు చెవులు చూడడు.

సెంటర్ నడిపే రమణమూర్తి కోస్తా నుంచి వచ్చినవాడు. చాలా మర్యాదస్తుడు. సంగటి మానాలి, మాంసం మానాలి, అన్నిటికంటే ముందు ఉప్పు మానాలి అన్నాడు. "ఉప్పు నీటిని పట్టుకుంటుందండీ. నీరు కొవ్వును పట్టుకుంటుంది. కొవ్వు మిమ్మల్ని పట్టుకుంటుంది." ఈ సంగతి ఎవరికైనా చెబితే దిష్టి తగిలి పోయిన కండ తిరిగొస్తుందని కూడా హెచ్చరించాడు. కుళ్లాయప్ప ఒట్టు వేశాడు. వేసిన ఒట్టు తప్పడం వాళ్ల వంశంలో లేదు.

ఉప్పు మానడమంటే మరో ఊళ్లో చప్పిడి తినడమే. ఈ ఊళ్లో అలా కాదు. ఊరు రెండు పార్టీలు. పడమటి వీధి నారాయణస్వామిది, తూర్పు వీధి కొండయ్యది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఎవరి మనుషులు వాళ్ల నాయకుడి ఇంటి ముందు పంక్తిలో కూర్చుంటారు. నాయకుడు తన చేత్తో ప్రతి ఆకులో చిటికెడు ఉప్పు వేస్తాడు. దాన్ని సంగటిలో కలుపుకుని తింటే ఆ మనిషి ఆ పార్టీవాడు. తినకపోతే ఇప్పటికే అవతలివాడు. ఆ కాలంలో ఆ పల్లెలో బాంబులు దాచినవాళ్లున్నారు, కొడవళ్లు నూరినవాళ్లున్నారు. తిన్న ఉప్పు మరిచినవాడు మాత్రం లేడని పొరుగూళ్లవాళ్లు కూడా ఒప్పుకునేవారు. కుళ్లాయప్ప ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పుకునేవాడు. పొలం కంటే, మంద కంటే, అతని అసలు ఆస్తి ఆ పేరే.

ఆ ఆస్తికి సంజీవమ్మ కట్టిన పన్ను ఒకటుంది. అవతలి పార్టీ కొండయ్య ఆమెకు సొంత అన్న. ఊరు చీలినప్పటినుంచి రెండు వీధుల అవతల ఉన్న పుట్టింటి గడప ఆమె తొక్కలేదు. నీళ్లకు పోయేటప్పుడు ఆ ఇంటి ముందు నడక కాస్త తగ్గించి, పోపు వాసన చూసి, అన్న ఒంట్లో ఎలా ఉందో తెలుసుకునేది. చారు వాసన వస్తే జలుబు చేసిందని అర్థం. ఆ మాత్రం తెలిసినా ఆ రోజంతా ఆమె ముఖం తేటగా ఉండేది.

విందులో ఆ ఏడు ఒక వింత జరిగింది. ఎప్పుడూ పంక్తి మొదట కూర్చుని తినే నారాయణస్వామి, మోకాళ్ల నొప్పి అని చెప్పి, కూర్చోకుండా తిరుగుతూ ఉప్పు వడ్డించాడు. తన సంగతి పసిగట్టి, ఆ కోపంతోనే కూర్చోలేదేమోనని కుళ్లాయప్పకు గుబులు పుట్టింది. అంతలో అతని ఆకులోనూ ఉప్పు పడింది. కుళ్లాయప్ప దాన్ని వేలితో ఆకు అంచుకు నెట్టాడు. ముద్ద ముట్టుకోలేదు. పక్కవాడి చేయి ఆగింది. వాడి పక్కవాడి చేయి ఆగింది. పంక్తి చివరిదాకా చేతులు ఆగిపోయాయి.

"ఏమప్పా, ఉప్పు పడలేదా?" అన్నాడు నారాయణస్వామి నెమ్మదిగా.

"ఈ పొద్దుటికి వద్దులే అన్నా."

"నీ ఇష్టం."

కుళ్లాయప్ప ఇల్లు చేరేలోగా కబురు అతనికంటే ముందు చేరింది. పొద్దున్నే కళ్లాల వైపు నడవడం ఎందుకో అప్పుడు అందరికీ అర్థమయింది. ఆ దారిలోనే కొండయ్య కళ్లం ఉంది. ప్రొద్దుటూరు నుంచి తెచ్చి మంచం కింద పెట్టిన డబ్బా గురించి కూడా ఊరికి తెలుసు. దాంట్లో ఏం పొడి ఉందో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఉన్న పొడి గురించి ఎవరూ అడిగేవారు కాదు.

సాయంత్రం కొండయ్య వచ్చాడు. భుజం మీద పొట్టేలు పిల్ల, వెనక నలుగురు మనుషులు. గడప ముందు నిలబడి చెల్లెల్ని చూశాడు. సంజీవమ్మ "అన్నా" అంది. కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చింది. ఆ పూట ఆమె వండినట్టు మునుపెన్నడూ వండలేదు. అల్లం నూరే చప్పుడులోనే పండుగ తెలిసింది.

ఆకులు వేశారు. కొండయ్య తన చేత్తో కుళ్లాయప్ప ఆకులో ఉప్పు వేసి, "తిను బావా. ఇంక మనం మనం ఒకటి" అన్నాడు.

కుళ్లాయప్ప చేతులు జోడించాడు. "వద్దు బావా."

కొండయ్య కూడా ముద్దను ఆకులో అటూ ఇటూ దొర్లిస్తున్నాడే తప్ప నోట్లో పెట్టుకోలేదు. అది సంజీవమ్మ ఒక్కతే చూసింది. "మావైపు ఉప్పు గూడా నీకు పనికిరాకపాయెనా" అంటూ అతను లేచాడు. మనుషులూ లేచారు. పొట్టేలు పిల్లను మాత్రం మరిచిపోయారు.

"ఇన్నేండ్లకు మా అన్న ఈ గడప తొక్కినాడు. ఆయప్పను ఆకలితో పంపిస్తివి" అంది సంజీవమ్మ. అరవలేదు. అరిచి ఉంటే కుళ్లాయప్పకు కాస్త సులువుగా ఉండేది.

తెల్లవారేసరికి ఊరు కొత్త లెక్కకు వచ్చింది. ఇవతలి ఉప్పు తినలేదు, అవతలి ఉప్పు తినలేదు. అంటే కుళ్లాయప్ప సొంతంగా పార్టీ పెడుతున్నాడు. ఆసారి సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు కాబట్టి పెళ్లాన్ని నిలబెడతాడు. పొద్దున పళ్లు తోముకుంటుంటే కుర్రవాళ్లు దండలతో వచ్చారు. వాళ్ల వెనకే, గొడవలు జరుగుతాయేమోనని పోలీసుస్టేషను వాళ్లు ఇద్దరు కానిస్టేబుళ్లను పంపారు. వాళ్లు టిఫిను ఏంటని అడిగారు. వీధిలో ఒకసారి నారాయణస్వామి సుమో, ఒకసారి కొండయ్య సుమో నెమ్మదిగా పోవడం మొదలుపెట్టాయి. ముప్పై ఏళ్ల మంచిపేరు ఒక్క పూటలో పోయిందని కుళ్లాయప్పకు తెలుస్తూనే ఉంది. ఆకలికి దాన్ని పూర్తిగా తలుచుకుని బాధపడే ఓపిక కూడా లేదు.

అతని జీపు తోలే కమాల్ బాషా పక్కన కూర్చున్నాడు.

"ఏందో అది చెప్పేస్తే పాయె గదా మామా."

"మాట ఇచ్చినా కమాలూ."

"ఎవురికి?"

"అది చెప్తే మాట పోయినట్టే గదా."

కమాల్ బాషా, అయితే ఆ మాట తీసుకున్నవాడి దగ్గరికే పోయి వెనక్కి తెచ్చుకుందామన్నాడు. కుళ్లాయప్పకు అది న్యాయంగా తోచింది. సంజీవమ్మ తానూ వస్తానని ముందే ఎక్కి కూర్చుంది. వెనక సీట్లో పొలానికి తెచ్చిన ఎరువు బస్తా ఉంది. దించే తీరిక లేక అలాగే బయలుదేరారు. ఊరు దాటుతుంటే వెనక రెండు సుమోలు పడ్డాయి. నాయకులిద్దరూ ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామునే ఊరు దాటి వెళ్లారు కాబట్టి వాటిలో వాళ్ల మనుషులే ఉన్నారు. కుళ్లాయప్ప కొండయ్యను కలవబోతున్నాడని ఒక బండివాళ్లు, నారాయణస్వామితో రాజీకి పోతున్నాడని రెండో బండివాళ్లు అనుకున్నారు.

సన్నజాజి సెంటర్లో ఆకుపచ్చ పరదా వెనక ఏదో యంత్రం గిరగిరమంటోంది. రమణమూర్తి ఎదురొచ్చి ఇప్పుడు లోపల వేరే క్లయింటు ఉన్నారండీ అన్నాడు.

"నా మాట నాకు ఇచ్చేయప్పా. ఉప్పు తినకుంటే ఆడ నా పేరు పోతాంది" అన్నాడు కుళ్లాయప్ప.

రమణమూర్తి అతన్ని నెమ్మదిగా తూకం యంత్రం ఎక్కించి, ఎంత తగ్గారో చూసి మాట్లాడమన్నాడు. ముల్లు బాగానే తగ్గింది. కానీ నడుము మొలతాడు మాత్రం ఎక్కడ బిగుసుకుందో అక్కడే ఉంది. కుళ్లాయప్ప మొలతాడును ఒకసారి, ముల్లును ఒకసారి చూశాడు. దిగి జీపు దగ్గరికి పోయి ఎరువు బస్తాను ఒంటిచేత్తో భుజాన వేసుకొచ్చాడు. గుండు ఎత్తిన భుజం ఇంకా గుర్తుపెట్టుకునే ఉంది. కుట్టు విప్పని యాభై కిలోల బస్తా. యంత్రం మీద పెడితే ముల్లు నలభై మూడు దగ్గర ఆగింది.

పరదా వెనక యంత్రం ఆగింది.

"బస్తా గూడా పథ్యంలో ఉండాదా అప్పా?" అన్నది లోపలి గొంతు. పరదా తప్పుకుంది. నడుముకు వెడల్పాటి బెల్టుతో నారాయణస్వామి నిలబడి ఉన్నాడు. యంత్రం ఆగినా పొట్ట ఇంకా కొంచెం అదురుతోంది.

ఎవరైనా ఏదైనా అనేలోపు బయటి తలుపు తోసుకుని కొండయ్య వచ్చాడు. చేతిలో తువాలు చుట్టిన ఖాళీ డబ్బా ఉంది. ముగ్గురినీ చూసి తువాలు ఇంకాస్త బిగించాడు.

బయట రెండు సుమోలు ఎదురెదురుగా నిలబడ్డాయి. సీట్ల కిందికి చేతులు పోవడం అద్దంలోంచి కనబడుతోంది. ఆ గదిలో అప్పుడు కదిలిన మనిషి సంజీవమ్మ ఒక్కతే. మొగుణ్ని, మొగుడి నాయకుణ్ని, అన్నను వరసగా చూసింది.

"అంటే మీరు ముగ్గురూ ఉప్పు తినలేదన్నమాట" అంది. "నిన్న మా అన్న ముద్ద దొర్లించేటప్పుడే నాకు అనుమానం."

"ఎవురికీ చెప్పొద్దని ఒట్టు ఏపించినాడు మే" అన్నాడు కొండయ్య.

"నాతోనూ ఏపించినాడు" అన్నాడు నారాయణస్వామి. ఆ ఊరు చీలినప్పటినుంచి వాళ్లిద్దరూ ఒక విషయంలో ఏకీభవించడం అదే మొదలు. రమణమూర్తి కోసం చూస్తే అతను వెనక తలుపు గుండా అప్పటికే చాలా చురుగ్గా సన్నబడి జారుకున్నాడు.

అంతలో గాలి తిరిగింది. పక్కనే హజరాబీ బండి. బాణలిలో మిరపకాయ బజ్జీలు వేసిన వాసన, బొరుగుల ఉగ్గాణి తాలింపు వాసన కలిసి పరదా దాటి లోపలికి వచ్చాయి. ముగ్గురూ బయటికి నడిచారు. ఒకే బల్ల ఉంది. దాని మీదే కూర్చున్నారు. సుమోల్లో చేతులు ఎక్కడివక్కడ ఆగాయి.

ప్లేట్లు వచ్చాయి. కొండయ్య బజ్జీ తుంచబోయి ఆగాడు. "ఈ ఉప్పు తింటే మనం ముగ్గురం ఒక చేతి ఉప్పు తిన్నట్టయితాది" అన్నాడు. నారాయణస్వామి చేయి కూడా గాలిలో ఆగింది. ఒక చేతి ఉప్పు తిన్నవాళ్లు ఒకరిమీద ఒకరు చేయి ఎత్తకూడదు. అది వాళ్ల తాతలు పెట్టిన కట్టుబాటు. పోలీసుల మాట తప్పినా ఆ మాట తప్పినవాడు లేడు.

"తింటే తినండి, లేకుంటే లేయండి" అంది హజరాబీ. "గిరాకీ నిలబడుకోనుండాది."

కుళ్లాయప్ప ముందు తిన్నాడు. "ఆకలైతాంది అన్నా" అన్నాడు నారాయణస్వామితో. అతని కళ్లలో నీళ్లు మిరపకాయవో మరొకదానివో చెప్పలేం. తర్వాత నారాయణస్వామి తిన్నాడు. ఆ తర్వాత కొండయ్య తిని, ఇంకో ప్లేటు అడిగాడు. అది చూసి సుమోల్లోవాళ్లు ఒక్కొక్కరే దిగారు. నాయకుడు తిన్న ఉప్పు తాము తినకపోవడం మర్యాద కాదు. ఆ పూట హజరాబీ పిండి రెండుసార్లు కలపాల్సి వచ్చింది.

సర్పంచి పదవి ఆసారి ఆడవాళ్లకని చెప్పాను కదా. రెండు పార్టీలూ ఒప్పుకునే మనిషి కావాలి. ఒక పార్టీకి ఇల్లాలు, ఇంకో పార్టీకి ఆడపడుచు అయిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. సంజీవమ్మ ఎదురు లేకుండా ఎన్నికయింది. గెలిచిన రోజు ఆమె ఆఫీసుకు పోలేదు. పుట్టింటికి పోయి, అన్న వంటింట్లో కింద కూర్చుని, చారన్నం తిని వచ్చింది. కుళ్లాయప్ప ఇప్పటికీ తిన్న ఉప్పు మరిచినవాణ్ని కానని ఊరంతా చెప్పుకుంటాడు. ఎవరి ఉప్పని అడిగితే హజరాబీదంటాడు. జీపు మాత్రం ఇంకా ఇద్దరు తోస్తేనే ఎక్కుతాడు. ఆ ఇద్దరిలో ఒకడు తూర్పు వీధివాడు.

రమణమూర్తి వదిలేసి పోయిన డబ్బాలన్నీ సంజీవమ్మ హజరాబీకి ఇప్పించింది. ఆమె వాటిలో కాస్త కారం, ఉప్పు కలిపి ఉగ్గాణి మీద చల్లింది. ఆ పొడి వల్ల సన్నబడినవాళ్లు ప్రొద్దుటూరులో ఎవరూ లేరు గానీ, బాగుందన్నవాళ్లు చాలామంది ఉన్నారు.