సముద్రానికి ఫిట్టు

సోమవారం ఉదయం ఎల్లేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి కంపెనీ దవాఖానకు పోవాలి. ఒక కాగితం మీద డాక్టరు సంతకం పెట్టించుకోవాలి. పదిన్నరకు బీరకాయలు పట్టుకుని ఇంటికి రావాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా గని అడుగున ఊరే నీళ్లను పంపుతో పైకి తోడుతున్న మనిషికి ఒక సంతకం పెద్ద పనిగా తోచలేదు.

ఆ కాగితం ఒక బోటు వాళ్లది. కొచ్చి రేవు నుంచి లక్షద్వీపాలకు మోటారు బోటులో ఐదు రోజుల ప్రయాణం. బోటులో డాక్టరు ఉండడు కనుక, ఎక్కే ప్రతి మనిషీ సముద్ర ప్రయాణానికి ఫిట్ అని ముందే రాయించుకుని శనివారంలోగా పంపాలి. కాగితాలు రెండు వచ్చాయి. ఎల్లేశం తనది ఒక్కటే జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఉండే మనిషికి పరీక్షలేముంటాయి, భార్య రాజకుమారిది తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు.

ఆ దీవుల ముందు బోటు ఉన్న బొమ్మను బీరువా తలుపుకు అంటించింది వాళ్ల కూతురు సహస్ర. మొదటి జీతంతో ముగ్గురం పోదాం అంది. జీతం రాకముందే జ్వరం వచ్చింది. ఐదో రోజున పిల్ల పోయింది. అది జరిగి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో రాజకుమారి క్వార్టర్ గడప దాటలేదు. కూర ఏం వండాలి, డ్యూటీ ఏ షిఫ్టు అనే రెండు ప్రశ్నలు తప్ప మూడోది అడగలేదు. పోయిన నెల బీరువా తుడుస్తూ తుడుస్తూ ఆగి, "ఈ బోటు ఏడ ఎక్కుతరు?" అంది. ఆ సాయంత్రమే ఎల్లేశం ఇద్దరికీ టికెట్లు తీశాడు.

దవాఖాన వరుసలో నిలబడగానే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. పోశం. గనిలో యూనియన్ పిట్ సెక్రటరీ.

"ఏంది బావా, దవాఖాన్ల ఉన్నవ్? చేతిల కాయిదమేంది?"

ఎల్లేశం కాగితాన్ని మడిచాడు. కూతురు పోయి ఏడాది దాటిందో లేదో సముద్రంలో షికారుకు పోతున్నారట అన్న మాట కాలనీ అంతా ఎట్లా తిరుగుతుందో అతనికి వినబడింది.

"ఏం లేదు పోశం. జర దమ్మొస్తంది. చూపించుకుందామని."

పోశం ముఖం వెలిగిపోయింది. గని మనిషి జబ్బుతో పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, నౌకరి వారసుడికి వస్తుంది. దానికి కనీసం రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. ఎల్లేశానికి రెండేళ్ల మూడు నెలలు ఉంది.

"సప్పుడు చెయ్యకుంట ఉంటవ్ గని, టైము చూసి కొట్టినవ్ బావా! అన్‌ఫిట్‌కు పెడుతున్నవన్నట్టు. నాకొక్క మాట చెప్పద్దా?"

"అన్‌ఫిట్ కాదే..."

"మెల్లగ మాట్లాడు. నేనున్న గద."

పోశం వరుస దాటుకుని లోపలికి పోయాడు. ఎల్లేశం వంతు వచ్చేసరికి డాక్టర్ తస్లీమా బల్ల మీద కొత్త చీటీ సిద్ధంగా ఉంది.

"ఆయాసం చాలా ఎక్కువగా ఉందటగా. ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేను. గురువారం అన్ని పరీక్షలూ చేద్దాం," అంది ఆమె తల ఎత్తకుండా. తలుపు దగ్గర పోశం నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అతని ముందు బోటు మాట ఎత్తడానికి ఎల్లేశానికి నోరు రాలేదు. బీరకాయలు మరిచిపోయి ఇంటికి వచ్చాడు.

మంగళవారం పొద్దున్నే, పోశం నోటి నుంచి పాకిన కబురు విని, అతని అక్క మల్లక్క రామగిరి నుంచి దిగింది. వెంట కొడుకు ఉపేందర్, ఒక బియ్యం సంచి, కాళ్లు కట్టిన రెండు కోళ్లు.

"ఇంత రోగం పెట్టుకొని అక్కకు చెప్పకుంట ఉంటవా తమ్మీ?" అని గడపలోనే ఏడుపు అందుకుంది. ఏడుపు మధ్యలో, "వీనికి ముప్పై ఏండ్లు. డిగ్రీ ఉన్నది. నా కొడుకు నీ కొడుకు గాదా?" అంది. ఉపేందర్ వంగి మామ కాళ్లు మొక్కి, లేచేటప్పుడు గది కొలతలు చూశాడు.

మధ్యాహ్నానికి రాజకుమారి అన్న రాజం బసంత్‌నగర్ నుంచి వచ్చాడు. ఆయన వెంట ఆయన కొడుకు అంజి, ఒక పండ్ల బుట్ట.

"చెల్లె కష్టంల మేం లేకుంటే ఎట్ల?" అన్నాడు రాజం, కోళ్ల వంక అనుమానంగా చూస్తూ. "అంజిగాడు సిమెంటు దుమ్ముకు అలవాటైన పిలగాడు. బొగ్గు దుమ్ము వానికి లెక్కనా?"

"నెత్తురు సంబంధం మాది," అంది మల్లక్క.

"అయితే పద్నాలుగు నెలల్ల ఎన్నిసార్లొచ్చినవక్కా?"

"నువ్వెన్నిసార్లొచ్చినవ్?"

ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. ఆ లెక్క ఎవరికీ పనికొచ్చేది కాదు.

సాయంత్రం పోశం వచ్చి శిక్షణ మొదలుపెట్టాడు. "గొట్టంల ఊదుమంటరు. సగం ఊది ఆగాలె. ఆగి నేల దిక్కు చూడాలె. డాక్టరు దిక్కు చూసినవో, దొరికిపోతవ్." ఎల్లేశం నీళ్ల కోసం లేవబోతే నలుగురు కలిసి కూర్చోబెట్టారు. దగ్గు వచ్చిందా అని గంటకోసారి అడిగారు. రాలేదంటే నిరాశపడ్డారు.

ఎల్లేశం వంటింట్లోకి పోయినప్పుడు రాజకుమారి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నిజం చెప్పు. బోటు ఉత్తదేనా? నీ రోగం దాచెటందుకు నాకు గా ముచ్చట చెప్పినవా?"

"ఉత్తది గాదు. నాకు రోగం లేదు."

"మరి గా మాట వాళ్లకెందుకు చెప్తలేవు?"

గోడ అవతల మల్లక్క చెవులు రిక్కించిన నిశ్శబ్దం వినిపించింది. ఎల్లేశం చెంబుతో నీళ్లు ముంచుకున్నాడు. రాజకుమారి సర్దిన సంచిలోంచి రెండు చీరలు తీసి బీరువాలో పెట్టి, దీవుల బొమ్మ ఉన్న తలుపు మెల్లగా మూసింది.

గురువారం అందరూ దవాఖానకు బయలుదేరారు. రాజకుమారి కూడా టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటింది. అది ఎల్లేశం ఒక్కడే గమనించాడు. షేర్ ఆటోలో చోటు కోసం మల్లక్క, రాజం తగువులాడుతున్నారు.

డాక్టర్ గదిలోకి పోయి, ఎల్లేశం తలుపు తనే వేశాడు.

"మేడం, నాకు దమ్ము లేదు. ఫిట్ అని రాసియ్యండ్రి."

తస్లీమా కళ్లద్దాలు తీసింది. "పదహారేళ్ల నుంచి ఈ కుర్చీలో ఉన్నాను. ఫిట్ రాయమని అడిగినవాళ్లు లేరు. ఏదో దాస్తున్నారు మీరు."

అన్ని పరీక్షలూ చేయించింది. ఎక్స్‌రే తీశారు. గొట్టంలో ఊదమన్నారు. ఎల్లేశం డాక్టరు వైపే చూస్తూ, పద్నాలుగు నెలలుగా లోపల పట్టి ఉంచిందంతా ఊదాడు. నర్సు ముల్లును రెండుసార్లు చూసుకుంది.

"మీరు పూర్తిగా ఫిట్," అంది డాక్టర్, కాస్త అవమానపడినట్టు. "మరి ఇదంతా ఏమిటి?"

అతను మడతలు పడ్డ తన కాగితం, ఈసారి వెంట తెచ్చిన రాజకుమారి కాగితం తీసి ముందు పెట్టాడు. సహస్ర సంగతి రెండు వాక్యాల్లో చెప్పాడు. మూడో వాక్యం లేదు. డాక్టర్ అతని కాగితం చదివి, వెంటనే సంతకం పెట్టింది.

"రెండోది మీ ఆవిడ పేరు మీద ఉంది. ఆవిడ ఏరి?"

రాజకుమారి టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చింది. డాక్టర్ ఆమె కింది కనురెప్పను వేలితో లాగి చూసి, కొంచెంసేపు అట్లాగే ఉండిపోయింది. బరువు ముప్పై ఎనిమిది కిలోలు. నెత్తురు పరీక్ష వచ్చింది. ఉండాల్సిన దాంట్లో సగం.

"ఏం తింటున్నారమ్మా?"

"తింటున్న."

"ఆయనతో కలిసేనా?"

రాజకుమారి భర్త వైపు చూడలేదు. "ఆయన డ్యూటీకి వొయ్యేదాక తింటున్నట్టే కూసుంట."

ఎల్లేశం గోడ మీది క్యాలెండర్ చూశాడు. రోజూ ఎదురుగా కూర్చుని తిన్నవాడు అతనే.

డాక్టర్ రెండో కాగితం మీద సముద్ర ప్రయాణానికి అన్‌ఫిట్ అని రాసింది. మాత్రలు రాసింది. రోజుకో గుడ్డు, మూడు నెలలు. తర్వాత చూద్దామంది. మూడు నెలలకు వానాకాలం. ఆ నెలల్లో బోట్లు నడవవని కాగితం వెనక అచ్చు వేసి ఉంది.

బయట బెంచీ మొత్తం లేచి నిలబడింది.

"ఏమాయె బావా? అన్‌ఫిట్టేనా?" అన్నాడు పోశం.

"అన్‌ఫిట్టే."

మల్లక్క కొడుకును కౌగిలించుకుంది. రాజం తన కొడుకు కాలరు సరిచేశాడు.

"నాది గాదు," అన్నాడు ఎల్లేశం. "నేను ఫిట్టు. రాజకుమారి అన్‌ఫిట్టు."

మల్లక్క కొడుకును వదిలేసింది. చివరికి ఉపేందర్ అడిగాడు.

"అత్తకు సర్వీసు ఎంతున్నది?"

అరగంటలో క్వార్టర్ ఖాళీ అయింది. పండ్ల బుట్ట బసంత్‌నగర్ బస్సెక్కింది. బియ్యం సంచి, రెండు కోళ్లు రామగిరి పోయాయి. "మాకు చెప్పకుంట ఫిట్‌గ ఉంటివి గద బావా," అని పోశం బాధపడి వెళ్లిపోయాడు.

ఇల్లు ఊడుస్తూ రాజకుమారి మంచం కింద చీపురు ఆపింది. మూలన, గోనె మీద ఒక గుడ్డు. కోడి పెట్టింది, మల్లక్క చూసుకోలేదు.

ఉడకబెట్టి పళ్లెంలో తెచ్చి, రెండు ముక్కలు చేయబోయింది.

"కొయ్యకు. నీకు రాసిండ్రు," అన్నాడు ఎల్లేశం. "నేను ఫిట్టు."

ఈసారి ఆమె తినేదాకా అతను డ్యూటీకి లేవలేదు. బీరువా తలుపు మీద బోటు ఉన్నచోటే ఉంది.

ఇంకా ఎనభై తొమ్మిది గుడ్లు ఉన్నాయి.