పొమ్మన్నా పోని కళ్ళజోళ్ళాయన

శుక్రవారం పొద్దున్న లేస్తూనే కళ్ళజోళ్ళాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం దుకాణం పెందలాడే కట్టేసి, భార్యతో కలిసి వెళ్ళి కొత్త పరుపు కొనాలి. పాత పరుపు మధ్యలో గుంట పడి చాలాకాలమైంది. కొన్నాళ్ళు ఆ గుంటలోకి ఇద్దరూ దొర్లి ఒకచోట చేరడం సదుపాయంగానే ఉండేది కానీ, ఈ మధ్య ఇద్దరికీ నడుములు పట్టేస్తున్నాయి. వంటింట్లోకి వెళ్ళి ఆ మాటే అన్నాడు.

"శుక్రవారం సాయంత్రాలు నాకు కుదరదండీ," అంది ఆవిడ.

"ఏం పని?"

"ఒక విషయం తేల్చుకోవాలి. తేలాక నేనే చెప్తాను."

ఆవిడకి సొంతంగా మందుల దుకాణం ఉంది. ఏ మందు ఏ మందుతో కలిస్తే ప్రమాదమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఏ మాట ఏ మొగుడితో అంటే ప్రమాదమో మాత్రం ఆ పూట ఆలోచించలేదు. కళ్ళజోళ్ళాయన మామూలు మనిషి కాదు మరి. టీవీలో వార్తలు చదివేవాడి గొంతు బాగుందని ఆవిడ ఒకసారి అన్నందుకు, ఆ ఇంట్లో ఆ ఛానల్ మళ్ళీ మోగలేదు.

మనసు పాడుచేసుకుని, అందిన చెంచా తీసి టీలో చక్కెర కలపబోయాడు. ఆవిడ చటుక్కున చెంచా లాక్కుంది.

"అది మాంసం వైపుది. పాలకి సంబంధించినవన్నీ ఆ పై అరలో పెట్టాను."

అప్పుడు చూశాడు. గిన్నెలు, పళ్ళేలు, గరిటెలు రెండు అరల్లోకి విడిపోయి, ఒకదాని మొహం ఒకటి చూడకుండా కూర్చున్నాయి. సామాను పంపకాలు మొదలయ్యాయన్నమాట. అందులో తన వాటా పాల అరో, మాంసం అరో అడుగుదామని నోటిదాకా వచ్చింది కానీ, సమాధానం వినే ధైర్యం లేక ఊరుకున్నాడు.

అసలు సంగతి చెప్పేస్తే మనకేం నష్టం లేదు. ఆవిడ యూదు మతంలో చేరాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఎప్పుడో చదవడం మొదలుపెట్టింది. వారంలో ఒక రోజు పనీ, ఫోనూ, వ్యాపారమూ అన్నీ పక్కన పెట్టేయమనే మతం, దేవుణ్ణి కూడా నిలదీసి అడగొచ్చనే మతం ఆవిడకి బాగా నచ్చింది. పాలూ మాంసమూ వేరువేరు గిన్నెల్లో వండుకోవాలన్న నియమాన్ని తన చేతనవుతుందో లేదో అని పరీక్షించి చూసుకుంటోంది. ఆ మతంలో మూడు నాలుగు శాఖలున్నాయని తెలిసి, ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడుతోంది. మొగుడికి చెబితే నవ్వుతాడని భయపడి చెప్పలేదు. నవ్వినా బాగుండేది.

దుకాణంలో ఆ రోజు కళ్ళజోళ్ళాయన ఒక పెద్దమనిషికి కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి పంపాడు. ఆయన ఎదురు షాపు మెట్టు తన్నుకుని పడబోయి తిరిగొచ్చి దులిపేశాక, ఇక లాభం లేదని బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది జనానికి కారు నడపడం నేర్పుతాడు. నెత్తి మీద ఎర్ర అక్షరాల బోర్డున్న కారు వేసుకుని వచ్చాడు.

"మా అక్క అలాంటిది కాదు బావా," అన్నాడు.

"కాదనే నా నమ్మకం. అందుకే వెళ్ళి చూసొద్దాం."

ఆ బోర్డు కారులో రహస్యంగా వెంబడించడం ఎంత తెలివైన పనో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అదృష్టం కొద్దీ, ఆవిడ వెనక్కి తిరిగి చూసే రకం కాదు.

సాయంత్రం ఆవిడ ఒక హాల్లోకి వెళ్ళింది. కిటికీలోంచి లోపల జనం కనిపించారు. ముందు ఒక పొట్టి జుట్టు ఆడమనిషి గిటారు వాయిస్తూ పాడుతోంది. ఆడమనిషే కదా అని కళ్ళజోళ్ళాయన ఊపిరి పీల్చుకునేలోగా, తన భార్య గొంతెత్తి పాడటం వినిపించింది.

"మీ అక్కకి పాట వచ్చా?"

"చిన్నప్పుడు పాడేది."

"నాతో ఇన్నేళ్ళున్నా ఒక్క ముక్క పాడలేదు," అన్నాడు. ఆ గిటారు మీద కూడా అతనికి కోపం వచ్చింది.

ఆదివారం ఆవిడ ఇంకో చోటికి వెళ్ళింది. గుమ్మంలో పొట్టి గడ్డం ఆయన ఒకడు నిలబడి, నవ్వుతూ ఆవిడతో చాలాసేపు మాట్లాడాడు. కళ్ళజోళ్ళాయన కారు అద్దానికి ముక్కు ఆనించి చూసి అదిరిపడ్డాడు.

"ఆ కళ్ళజోడు నేనిచ్చిందే. దగ్గరివి సరిగ్గా కనిపించట్లేదంటే నేనే పరీక్ష చేసి బిగించాను. దాంతోనే చూస్తున్నాడు మీ అక్కని."

"ధర తగ్గించి ఇచ్చావా బావా?"

"నువ్వు కారు పోనీ."

మంగళవారం మరో వీధి, పాతకాలపు ఇల్లు, పొడుగు గడ్డం ముసలాయన. ఈయన తీరు వేరు. ఆవిడ ఏదో అడిగింది, ఆయన నాలుగు మాటలు చెప్పి తల అడ్డంగా ఊపి తలుపేసుకున్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు సరికదా, నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. కళ్ళజోళ్ళాయనకి ఇది అసలు మింగుడుపడలేదు. తాను పొరపాటున మొహం తిప్పుకుంటే వారం రోజులు మాట్లాడని మనిషి, ఈ ముసలాయన మొహం మీద తలుపేస్తే మురిసిపోతోంది. మిగతా ఇద్దరి సంగతి ఎలా ఉన్నా అసలు శత్రువు ఈయనే అని తేలిపోయింది.

మర్నాడు ఒక్కడే వెళ్ళి తలుపు కొట్టాడు.

"నేనెందుకొచ్చానో మీకు తెలిసే ఉంటుంది," అన్నాడు.

ముసలాయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది. ఇలా వచ్చేవాళ్ళందరి మొహమూ ఒకేలా ఉంటుంది. వెళ్ళిపో నాయనా."

ఇలా వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట, అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. ఊళ్ళో ఎంతమంది కాపరాలు కూల్చాడో ఈయన. "తేల్చుకోందే కదలను," అన్నాడు.

"ఇందులో కష్టం తప్ప సుఖం లేదు. మా బతుకు చూసి లోకం ముచ్చటపడదు."

"ముచ్చటపడదు సరికదా, మొహాన ఉమ్మేస్తుంది."

"ఉమ్మేసింది కూడా, చాలాసార్లు," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "అది తెలిసి కూడా వచ్చావంటే బాగా ఆలోచించుకునే వచ్చి ఉంటావు. అయినా సరే, వెళ్ళు." తలుపు మూసుకుంది.

పాపం ఆయన తప్పేం లేదు. ఆయన రబ్బీ, అంటే యూదుల గురువు. మతంలో చేరతామని వచ్చినవాళ్ళని మూడుసార్లు పొమ్మనడం వాళ్ళలో పాత ఆచారం. సరదాకి వచ్చినవాళ్ళు మొదటిసారికే పోతారు. నిజంగా కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ వస్తారు. అసూయతో వచ్చినవాళ్ళు కూడా మళ్ళీ వస్తారన్న సంగతి ఆ ఆచారం పెట్టిన పెద్దలెవరికీ తోచినట్టు లేదు.

గురువారం మళ్ళీ వెళ్ళాడు.

"మళ్ళీ వచ్చావా? నీకు ఇల్లూ వాకిలీ, పనీ పాటా లేవా?"

"ఉన్నాయి. అవి నిలబెట్టుకోవాలనే వచ్చాను. మీరు ఎన్నిసార్లు పొమ్మంటే అన్నిసార్లు వస్తాను."

తలుపు మూస్తున్న ముసలాయన గడ్డం చాటున చిన్న నవ్వు కనిపించింది. అది చూశాక కళ్ళజోళ్ళాయనకి దుకాణంలో కాలు నిలవలేదు. ఆ మధ్యాహ్నమే వర్షంలో తడుస్తూ వచ్చి, ఈసారి తలుపు కొట్టి అరుగు మీద కూర్చున్నాడు. లోపల్నించి "వెళ్ళిపో" అని వినిపించింది. కదల్లేదు. గొడుగు కూడా తెచ్చుకోలేదు. తడిసి ముద్దై, ముక్కు కారుతూ, ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంటే, అప్పటిదాకా లేని దుఃఖం వచ్చింది. కోపమంతా కరిగి, అడుగున ఒట్టి భయం మిగిలింది.

తలుపు తెరుచుకుంది. "ఇంక లోపలికి రా," అన్నాడు ముసలాయన.

ఆయన భార్య తువ్వాలు ఇచ్చి, వేడి టీ తెచ్చి పెట్టింది. గోడలనిండా పుస్తకాలే. ఇలాంటి ఇంటి ఇల్లాలి ఎదుట ఎలా మొదలుపెట్టాలో తెలియక కళ్ళజోళ్ళాయన టీ తాగాడు.

"మతం మారాలన్న కోరిక ఇంత గట్టిగా ఉన్న మనిషిని ఈ మధ్య చూడలేదు," అన్నాడు ముసలాయన.

"ఏం మతం?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

రెండో కప్పు వచ్చింది. అది తాగుతూ అతను గిన్నెల దగ్గర్నుంచి గిటారు దాకా అంతా చెప్పేశాడు. ముసలాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"మంగళవారం వచ్చిన మందుల దుకాణం ఆవిడ నీ భార్యా?" అన్నాడు ముసలాయన. "మీ ఆయనకి చెప్పావా అని అడిగాను. లేదంది. భర్త ఉన్న మనిషి ఒక్కతే వస్తానంటే మా దగ్గర కుదరదమ్మా, ముందు ఆయనకి చెప్పి ఆయన మనసు కనుక్కుని రా అని పంపేశాను. ఆయనకి చెప్పాలంటే భయంగానే ఉంది, అయినా చెప్పేస్తాలెండి అని నవ్వింది. నేను నీ భార్యని నీ దగ్గరికే పంపుతుంటే, నువ్వొచ్చి నా అరుగు మీద కూర్చున్నావు."

కళ్ళజోళ్ళాయనకి తువ్వాలుతో మొహం మళ్ళీ తుడుచుకోవలసి వచ్చింది. "మరి ఆ మిగతా ఇద్దరూ?"

"మావి వేరువేరు శాఖలు. నియమాలన్నీ ఉన్నవి ఉన్నట్టు పాటించాలంటాం మేము, ఆర్థడాక్సులం. పొట్టి గడ్డం ఆయనది కన్సర్వేటివ్ శాఖ. నియమాలు వదలరు కానీ కాలాన్ని బట్టి కొంత సర్దుకుంటారు. గిటారు ఆవిడ రిఫార్మ్. ఏ నియమం ఎందుకో ఎవరికి వాళ్ళు చదివి, ఆలోచించి ఎంచుకోవాలంటారు." కాస్త ఆగి, పుస్తకం సర్దుతున్నట్టు నటిస్తూ అడిగాడు. "నీ భార్య అక్కడ పాడిందన్నావు. బాగా పాడిందా?"

"చాలా బాగా."

"మా దగ్గర కూడా పాటలున్నాయి," అన్నాడు ముసలాయన. ఆ గొంతులో ధ్వనించినదాన్ని కళ్ళజోళ్ళాయన ఎక్కడున్నా గుర్తుపట్టగలడు. మొదటిసారి ఆయన మీద అభిమానం పుట్టుకొచ్చింది.

మూడో కప్పు ముగించేసరికి తలుపు చప్పుడైంది. బావమరిది వెనకాల నిలబడి ఉండగా, మందులావిడ గుమ్మంలోంచి లోపలికి చూసింది. మొగుడు దుకాణంలో లేడని తెలిసి, తమ్ముణ్ణి నిలదీసి, సంగతంతా కక్కించి వచ్చింది. తీరా చూస్తే ఆ మొగుడు గురువుగారి బల్ల ముందు, గురువుగారి తువ్వాలు కప్పుకుని, గురువుగారి పుస్తకాల మధ్య కూర్చుని ఉన్నాడు. దారంతా పేర్చుకొచ్చిన మాటలన్నీ ఆవిడ మర్చిపోయింది.

"ఈయన్ని లోపలికి రానిచ్చారా?" అంది.

"మూడుసార్లు పొమ్మన్నానమ్మా. పోలేదు," అన్నాడు ముసలాయన.

ఇంట్లోకి అడుగుపెట్టాక కళ్ళజోళ్ళాయనే మొదలుపెట్టాడు. "నన్ను వదిలేసి పోతున్నావనుకున్నాను. చాలా భయమేసింది. నీకు కావలసిన దేవుడి దగ్గరికి నువ్వు వెళ్ళు, నేను నవ్వను. నాకు ఆ నమ్మకం కలుగుతుందో లేదో తెలీదు. కలిగేదాకా నీ వెనక కూచుని వింటాను."

"మిమ్మల్ని వదిలి ఎక్కడికి పోతానండీ," అంది ఆవిడ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది, కళ్ళు కూడా చెమర్చాయి. కళ్ళజోళ్ళాయనకి గుండెల మీది బండ దిగినట్టైంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, చెంగు సర్దుకుంటూ, ఏదో మామూలు విషయం అడిగినట్టు అడిగింది.

"నేను అంతా చదువుకుని వెళ్ళినా గుమ్మం దాటనివ్వలేదు. మీకు టీ కూడా ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఎన్ని కప్పులు?"

"రెండు," అన్నాడతను.

"రెండా," అంది ఆవిడ. ఆ మొహం వైపు చూశాక, మూడో కప్పు సంగతి అతను ఈ జన్మలో ఎత్తలేదు.