గెట్ గురించి ఒక చిన్న సందేహం

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి సాయిదుర్గ కొత్తపేటలో బుచ్చిరాజు మాస్టారింటికి అయిదు నిమిషాల పని మీద వెళ్లింది. పదకొండింటికి మస్కట్ ఆస్పత్రివాళ్లు కంప్యూటర్లో ఇంటర్వ్యూ చేస్తారు. నర్సు ఉద్యోగం. ఇంతకు ముందు రెండుసార్లు ఇంగ్లీషు దగ్గరే తప్పింది. ఇదీ పోతే వయసు దాటిపోతుంది. ఎటూ తేలని ఆ ‘గెట్’ అనే క్రియని ఎక్కడెక్కడ వాడాలో తెలిస్తే చాలు, గట్టెక్కుతానని ఆమె నమ్మకం.

మాస్టారు రిటైరై ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో కరెంటు బిల్లు చదివి పెట్టమన్నవాళ్లే తప్ప, ఇంగ్లీషులో సందేహం అడిగినవాళ్లు లేరు. సాయిదుర్గ అడగ్గానే ఆయన లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. అది చూడగానే ఇది అయిదు నిమిషాల్లో తేలే పని కాదని ఆ పిల్లకి అర్థమైంది.

మూలం తెలియకుండా వాడకం తెలియదని మాస్టారు వెయ్యేళ్ల వెనక్కి వెళ్లారు. ఉత్తరాది సముద్రాల నుంచి ఓడలెక్కి ఇంగ్లండు మీద పడ్డవాళ్లే ఈ మాట మోసుకొచ్చారట. ఆ ఓడలు కట్టడానికే ముప్పావుగంట పట్టింది.

ఆ వీధిలో మాస్టారి దగ్గర చదువుకోనివాళ్లు లేరు. ఆయన ‘ఇక వెళ్లండి’ అనేదాకా ఆయన ఎదుట నుంచి లేచినవాళ్లూ లేరు. తొమ్మిదింటికి కూతుర్ని తీసుకెళ్దామని తండ్రి దొరబాబు వచ్చాడు. మాస్టారు కూర్చోమన్నారు. "ఆయ్" అని కూర్చున్నాడు. మాస్టారి భార్య అప్పాయమ్మగారు వేడి పెసరట్టు తెచ్చి చేతిలో పెట్టారు. ప్లేటు పట్టుకుని లేవడం మరీ అమర్యాద.

"ఎందాకా వచ్చేరమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఓడలు ఒడ్డుకి వచ్చేయి నాన్నా. మనుషులింకా దిగలేదు."

తొమ్మిదిన్నరకి ఇద్దర్నీ పిలవడానికి తల్లి బుల్లెమ్మ వచ్చింది. పదింటికి ముగ్గుర్నీ పిలవడానికి పక్కింటి వీరాయమ్మ వచ్చింది. అట్ల పిండి అయిపోయి అప్పాయమ్మగారు ఉప్మా మొదలుపెట్టారు. పొందడం, చేరడం, తెచ్చుకోవడం, అర్థం కావడం, అన్నీ ఆ ఒక్క మాటేనని మాస్టారు ఉదాహరణలతో చెప్పుకుపోతున్నారు. పదిన్నరకి ‘గెట్ అప్’ అంటే లేవడమని వివరించారు. ఎవరూ లేవలేదు.

ఇంటర్వ్యూకి కంప్యూటరు ఇస్తానన్న సత్యప్రసాద్ తన ఇంట్లో చూసి చూసి, పావుతక్కువ పదకొండుకి దాన్ని చంకన పెట్టుకుని తనే వచ్చాడు. అతనూ మాస్టారి శిష్యుడే. ఉప్మా ప్లేటుతో కూర్చున్నాడు.

సరిగ్గా పదకొండింటికి అతని ఒళ్లో కంప్యూటరు మోగింది. దాన్ని సాయిదుర్గ ముందుకి జరిపి తను వెనక్కి జరిగాడు.

తెర మీద మేట్రన్, మలయాళీ ఆవిడ, కళ్లజోడు సర్దుకుంది. నర్సు ఉద్యోగానికి వచ్చిన పిల్ల వెనక నలుగురు ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. వీళ్లెవరని ఇంగ్లీషులో అడిగింది. సాయిదుర్గకి ఏడుపొచ్చింది. ఇంగ్లీషులో అబద్ధం ఆడేంత చదువు లేదు కనక ఉన్నదున్నట్టు చెప్పేసింది. సందేహం అడిగింది ఎనిమిదింటికని, జవాబు ఇంకా నడుస్తోందని, వీళ్లంతా తనని లేపడానికి వచ్చి కూర్చుండిపోయినవాళ్లని చెప్పింది.

"మూడు గంటలా? విసుగు రాలేదా నీకు?"

"వచ్చింది మేడమ్. కానీ ఆయన ఆరేళ్ల తరవాత పాఠం చెప్తున్నారు. మధ్యలో లేవడానికి మనసొప్పలేదు."

మేట్రన్ తన వార్డు నిండా ముసలివాళ్లేనని, మందులిచ్చేవాళ్లు దొరుకుతున్నారు గానీ వాళ్ల మాట వినేవాళ్లు దొరకడం లేదని చెప్పింది. ఒకటో తారీకున వచ్చి చేరమంది.

బుల్లెమ్మ కళ్లొత్తుకుంది. దొరబాబు ఆనందం పట్టలేక లేవబోయి, మాస్టారి వైపు చూసి మళ్లీ కూర్చున్నాడు. మాస్టారు కంప్యూటరు తన వైపు తిప్పుకుని, మేట్రన్ గారికి ఏమైనా సందేహాలున్నాయా అని వినయంగా అడిగారు. ఆవిడ మర్యాదకి, ఆ ‘గెట్’ అన్న మాట ఇంతకీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది.

ఆ రోజు మస్కట్లో పదింటి వార్డు రౌండు మధ్యాహ్నం మూడింటికి మొదలైంది.