ముట్టుకోకూడని పన్నెండో అధ్యాయం

ఆ ఉదయం తల్లి వేసుకున్న పథకం చిన్నదే. కూతురు స్నానానికి వెళ్ళగానే నవలలో చివరిదైన పన్నెండో అధ్యాయాన్ని మూసేయాలి. ఆమె మందుల దుకాణంలో పని చేస్తుంది. అనుమానం వచ్చిన సరుకుకు సీలు వేసి పక్కన పెట్టడం అక్కడి పద్ధతి. ఇంట్లో అయితే ఆమెకు అనుమానం రాని సరుకంటూ లేదు. పాలు ఎవరు తెచ్చినా వాసన చూస్తుంది, భర్త నవ్వితే ఎందుకు నవ్వాడని ఆరా తీస్తుంది.

నవల బడిలో చదవమన్నదే. మధ్యాహ్నం దానిమీద మాస్టారు ప్రశ్నలడుగుతారు, పిల్ల నోటితో జవాబు చెప్పాలి. సాహిత్యంలో ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే పై తరగతికి పంపరు. అది తెలిసి కూడా తల్లి ఆగలేకపోయింది. పదకొండో అధ్యాయం చివర కథలోని కుర్రాడు తలుపు గడియ పెట్టుకుని, పెద్దవాళ్ళు ముట్టుకోవద్దన్న పెట్టె మూత ఎత్తబోతాడు. ఆమె చదివింది ఆ వాక్యం దాకానే. పేజీ తిప్పితే తనూ చెడిపోవచ్చునని భయపడి, చూడకుండానే మిగిలిన పేజీలన్నిటికీ కలిపి పిన్నులు కొట్టేసింది.

"ఆ చివరి అధ్యాయం వదిలెయ్," అంది కూతురు రాగానే.

"అదొక్కటే మిగిలిందమ్మా. ఇప్పుడు చదువుదామనుకున్నా. ఎందుకు వద్దు?"

"అడక్కు."

ఈ మాట తండ్రి చెవిన పడింది. ఆయనకు చెప్పుల దుకాణం ఉంది. పెళ్ళాం ఏదైనా దాచిందంటే అది తన గురించే అయ్యుంటుందని గట్టి నమ్మకం కూడా ఉంది. పుస్తకం చొక్కాలో దోపుకుని స్నానాలగదిలో దూరి, పిన్నులు పీకి చదివాడు. ఏమీ లేదు. పీకిన పిన్నులు మళ్ళీ దిగవు కాబట్టి చెప్పులకు పూసే జిగురు పూసి, బయటికొచ్చి ఉసూరుమంటూ కూర్చున్నాడు.

నానమ్మ కొడుకు మొహం చూసింది, బల్లమీది పుస్తకం చూసింది. వీడు చదివింది తను చదవకపోతే ఎలా అనుకుని, చాకు మొనతో జిగురు ఊడదీసింది. ఆవిడకీ ఏమీ దొరకలేదు. ఈలోగా పేజీల అంచులు చిరిగిపోయాయి. కంగారులో నల్లదారం తెచ్చి బొంత కుట్టినట్టు కుట్టేసింది.

ఇప్పుడా అధ్యాయంలో తప్పేమీ లేదని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ సంగతి చెబితే చదివామని ఒప్పుకోవాలి. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరూ నోరు మెదపలేదు.

తల్లి పుస్తకం తీసి చూసి నిలువునా నీరైపోయింది.

"విప్పి చదివావు కదూ?"

"లేదమ్మా, ఒట్టు."

"మరి కుట్టిందెవరు?"

కూతురు తండ్రి వంక చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు. నానమ్మ వంక చూసింది. ఆవిడ సూది ఎక్కడ దాచాలో తెలియక పిడికిలి బిగించుకుని కూర్చుంది. నిజం తేలేదాకా ఎవర్నీ వదలనని తల్లి అందరినీ బడికి వెంటబెట్టుకుని వెళ్ళింది.

అనుమానంలో మాస్టారూ తక్కువ తినలేదు. అట్టలా బిగుసుకుపోయిన పేజీలను వేలితో నొక్కి చూశారు.

"చీటీలు లోపల పెట్టి కుట్టావా? కాపీ అని రాస్తే నీ పరీక్ష ఇక్కడితో సరి."

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ ఆ పిల్లనే అనుమానించిన తల్లి ఆ నీళ్ళు చూసి తట్టుకోలేకపోయింది.

"పిన్నులు కొట్టింది నేనండీ."

"జిగురు నాదండీ," అన్నాడు తండ్రి నేల చూస్తూ.

"దారం నాది నాయనా," అంది నానమ్మ.

మాస్టారు ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. "అయితే చీటీలు లేవు. కానీ పిల్ల ఆ అధ్యాయం చదవలేదు. నా ప్రశ్న అందులోదే. ఏమ్మా, ఆ పెట్టె దేనికి ప్రతీక?"

పిల్ల చదువు మీద తనే చేజేతులా మన్ను పోశానని తల్లి కుమిలిపోయింది.

"పెట్టె ఖాళీ అండీ," అంది కూతురు.

"చదవకుండా ఎలా తెలిసింది?"

"లోపల ఏదైనా ఉంటే, చదివాక నాన్న అంత ఉసూరుమనేవాడు కాదు. నానమ్మ కుట్టేముందు ఇంకోసారి చదివేది." పిల్ల కాస్త ఆలోచించింది. "పెద్దవాళ్ళు దాచేవాటిలో పెద్దగా ఏమీ ఉండదని తెలిసినప్పుడే ఆ కుర్రాడు పెద్దవాడై ఉంటాడండీ. ఖాళీ అని మాత్రం వాళ్ళకి చెప్పి ఉండడు. బాధపడతారు కదా. నీతి అదేననుకుంటా."

మాస్టారు కలం తీసి, పై తరగతికి పంపవచ్చునని రాసి సంతకం పెట్టారు.

నలుగురూ బయటికొచ్చారు. "పుస్తకం ఇటివ్వు, నీకు బరువు," అంటూ తల్లి అందుకుంది. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ వెనకబడింది. కాసేపటికి వెనక పుటుక్కున దారం తెగింది. తండ్రి తిరిగి చూడబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూడకు నాన్నా. ఆ వయసులో మామూలే."